వికలాంగులకు శిక్షణ సరే, పని ఎక్కడ?

పట్టా ఇచ్చిన రోజుతో ముగుస్తున్న లెక్క - మెట్టలోని పనులకు, నేర్పే పనులకు పొత్తు కుదరని వైనం

నందిగామ, జగ్గయ్యపేట: వికలాంగ యువతకు వృత్తి శిక్షణ ఇచ్చామని శాఖలవారు చెప్పే అంకెల్లో పొరపాటేమీ వుండకపోవచ్చు. శిబిరం పెట్టారు, మూడు నెలలు నేర్పారు, పరీక్ష జరిపారు, పట్టా ఇచ్చి ఫొటో తీయించారు. ఆ పట్టా పుచ్చుకున్న మనిషి ఏడాది గడిచాక ఏం చేస్తున్నాడన్నదే అసలు ప్రశ్న. కృష్ణా జిల్లా మెట్టగా పేరుపడి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన ఈ రెండు నియోజకవర్గాల్లో దానికి జవాబు మండలాల వారీగా ప్రజల ముందు పెట్టే ఆనవాయితీ లేదు.

సాగర్ ఎడమ కాలువ చివరి భూముల సంగతి ఇక్కడి రైతులకు చెప్పనక్కరలేదు. తూము దగ్గర నీరు వదిలిన మాట నిజమే, చివరి చేనుకు అందని మాటా నిజమే. వికలాంగుల శిక్షణ పథకాల పరిస్థితి కూడా సరిగ్గా అలాగే వుంది. ఢిల్లీలో లక్ష్యం రాసుకుంటారు, నగరంలో కేంద్రం తెరుస్తారు. వత్సవాయి, వీరులపాడు, చందర్లపాడు మండలాల్లోని గడప దాకా వచ్చేసరికి మిగిలేది ఒక కాగితం.

అంకెలు చెప్పేదేమిటి

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22.66 లక్షల మంది. అంటే జనాభాలో 2.68 శాతం. దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది, శాతం 2.21. రాష్ట్ర సగటునే తీసుకుంటే 50 వేల జనాభా గల జగ్గయ్యపేట లాంటి పట్టణంలో సుమారు 1,300 మంది వుండాలి. చుట్టుపట్ల పల్లెలు దీనికి అదనం. ఇది ఒక వీధికో పేటకో పరిమితమైన సమస్య కాదని చెప్పడానికి ఈ ఉజ్జాయింపు చాలు.

వీరిలో పనిలో వున్నవారెందరు? అవే లెక్కల ప్రకారం దేశంలో వికలాంగుల్లో 36 శాతం మంది ఏదో ఒక పని చేస్తున్నారు. మగవారిలో 47 శాతం, ఆడవారిలో 23 శాతం. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో 15 ఏళ్లు దాటిన వికలాంగుల్లో పనిచేసేవారు 22.8 శాతమే తేలారు. ఇంచుమించు అదే కాలంలో, 2017-18లో, ఆ వయసు మొత్తం జనాభాలో పనిచేసేవారు 46.8 శాతం. అంటే సగం కన్నా తక్కువ.

ఇక్కడ గమనించవలసిన మెలిక ఒకటి వుంది. అదే 2018 సర్వేలో వికలాంగుల నిరుద్యోగం 4.2 శాతమే. మొత్తం జనాభాలో అప్పుడు 6 శాతం. ఈ ఒక్క అంకె చూస్తే వికలాంగులే నయంగా వున్నారనిపిస్తుంది. కాని పని కోసం వెతికేవాడినే నిరుద్యోగిగా లెక్క వేస్తారు. వెతికి వెతికి విసిగి ఇంట్లో కూర్చున్నవాడు, అసలు గడప దాటని ఆడపిల్ల ఆ లెక్కలోకే రారు. మెట్ట పల్లెల్లో ఎక్కువమంది వుండేది ఈ లెక్కకు రాని వరుసలోనే అనుకోవడానికి ఆధారం కోసం దూరం వెళ్లనక్కరలేదు. ప్రతి ఊళ్లోనూ అరుగుల మీద కనిపిస్తారు.

శిక్షణలు కొత్తవి కావు

వికలాంగులకు పని నేర్పాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. దేశంలో మొట్టమొదటి వృత్తి పునరావాస కేంద్రాలు రెండింటిని 1968లో తెరవగా, అందులో ఒకటి బొంబాయికి, రెండోది హైదరాబాదుకు దక్కాయి. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమైన 1981లో రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది. 1995 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. 1997లో వికలాంగుల కోసమే జాతీయ ఆర్థిక సంస్థ వచ్చింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి, ఉద్యోగాల కోటాను 4 శాతం చేసింది. 2015 మార్చిలో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యాచరణ పథకం మొదటి మూడేళ్లలోనే 5 లక్షల మందికి నైపుణ్యాలు నేర్పాలని లక్ష్యం పెట్టుకుంది.

ఇన్ని ఏర్పాట్ల మధ్య ఉపాధి పెరిగిందా? 2007లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలో వికలాంగుల ఉపాధి రేటు 1991లో 42.7 శాతం వుండగా 2002 నాటికి 37.6 శాతానికి పడిపోయింది. చట్టం వచ్చిన దశాబ్దంలోనే ఈ తగ్గుదల కనిపించడం గమనార్హం. 1999లో వంద పెద్ద కంపెనీల్లో ఒక స్వచ్ఛంద సంస్థ జరిపిన పరిశీలనలో వికలాంగ ఉద్యోగులు ప్రైవేటు రంగంలో 0.28 శాతం, ప్రభుత్వ రంగ సంస్థల్లో 0.54 శాతం వున్నారు.

మధ్యలో పిలుపులు మాత్రం మారుతూ వచ్చాయి. వికలాంగులు అన్నారు, విభిన్న ప్రతిభావంతులు అన్నారు, దివ్యాంగులు అన్నారు. బస్సు మెట్టు ఎత్తు మాత్రం మారలేదు.

మిషను నేర్పారు, మిషను ఎవరిస్తారు?

శిక్షణ అనగానే ఆడపిల్లలకు కుట్టుపని, మగపిల్లలకు కంప్యూటరు. ఏళ్ల తరబడి ఇదే వరస. కుట్టుపనిలో తప్పేమీ లేదు. జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ జాకెట్టు కుట్టి, ఫాల్ వేసి, పికో చేసి బతుకుతున్న కుటుంబాలు చాలానే వున్నాయి. కాని ఆ పని నిలబడటానికి కావలసినవి శిక్షణ కేంద్రం గోడల మధ్య దొరకవు.

మొదటిది మిషను. కాలికి పోలియో వచ్చిన అమ్మాయికి కాలితో తొక్కే మిషను మీద నేర్పి పంపితే లాభమేమిటి? మోటారు బిగించిన మిషను కావాలి. దానికి పెట్టుబడి కావాలి, కరెంటు వున్న గది కావాలి. రెండోది గిరాకీ. పట్టా చూసి ఎవరూ జాకెట్టు గుడ్డ ఇవ్వరు. పక్కింటావిడ జాకెట్టు సరిగ్గా కుదిరితే ఎదురింటావిడ ఇస్తుంది. ఆ మొదటి పదిమంది దొరికేదాకా ఆరు నెలలో ఏడాదో పడుతుంది. మూడోది అమ్మకం. రెడీమేడు దుకాణాలు వచ్చాక పల్లెలో గౌనులూ చొక్కాలూ కుట్టించుకునేవారు తగ్గారు. బడి యూనిఫారాల కుట్టు పనిలో వీరికి వాటా దొరికితే వేరే సంగతి. లేకుంటే మిషను మూలన పడుతుంది.

కంప్యూటరు సంగతి మరీ విచిత్రం. మూడు నెలల్లో టైపింగు, నాలుగు ప్రోగ్రాములు నేర్పుతారు. ఆ మాత్రం వచ్చిన డిగ్రీ కుర్రవాళ్లు వైకల్యం లేనివారే ప్రతి వీధిలోనూ ఖాళీగా వున్నారు. మీసేవా కేంద్రంలోనో జిరాక్సు దుకాణంలోనో వుండే ఒక్క కుర్చీ కోసం వారితో పోటీపడాలి. అదే సెల్‌ఫోను మరమ్మతు తీసుకుంటే కూర్చుని చేసే పని, చెవుడు వున్నవారికీ అడ్డు లేనిది. కాని అది శిబిరంలో వచ్చే విద్య కాదు. దుకాణంలో ఏడాదిపాటు పగిలిన ఫోన్లు విప్పినవాడికే చెయ్యి తిరుగుతుంది.

మెట్టలో నిజంగా పనులు ఎక్కడ వున్నాయో శిక్షణ పథకం రాసేవారు చూసినట్టు కనపడదు. మిరప కోతలయ్యాక కళ్లాల్లోనూ గోదాముల్లోనూ కాయల తొడిమలు తీసే పని వుంటుంది. అది కూర్చుని చేసేదే. కాళ్లు సరిగ్గా లేని ఆడవాళ్లు ఎవరూ నేర్పకుండానే చేస్తున్నారు. అయితే ఆ ఘాటులో పొద్దంతా కూర్చోవడం, ఏడాదికి కొద్ది నెలలే పని దొరకడం, కూలి తక్కువ కావడం వేరే బాధలు. వెల్డింగు, లేతు, లారీల మరమ్మతు, బేకరీ, టిఫిను హోటళ్ల వంటిల్లు, జాతీయ రహదారి మీద చిల్లకల్లు, కీసర టోల్‌గేట్లు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి సన్నిధిలోని దుకాణాలు - ఇవీ ఇక్కడి ఉపాధి మార్గాలు. శిక్షణ జాబితాలో వీటికి చోటు దొరకడం అరుదు.

హైదరాబాదు ఉద్యోగం, ఆరు వేల పింఛను

పట్టాతోపాటు ఉద్యోగం కూడా చూపించే పథకాలు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కింద 2005లో ఏర్పడిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ ఆ దారి తీసింది. దాని బాధ్యతలు చూసిన మీరా షెణాయ్ తరవాత 2012లో హైదరాబాదులో యూత్‌ఫర్‌జాబ్స్ సంస్థను ప్రారంభించి, వికలాంగ యువతకు రెండు నెలలపాటు ఇంగ్లీషు, కంప్యూటరు, నలుగురిలో మెలిగే తీరు నేర్పి దుకాణాల్లోనూ కంపెనీల్లోనూ చేర్పించే పద్ధతి పెట్టారు. ఈ పద్ధతిలో పనికి వచ్చినవారిలో బధిరులు చెప్పుకోదగ్గ సంఖ్యలో వున్నారు. 2014లో మొదలైన దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 3 శాతం సీట్లు వికలాంగులకు వుంచాలని, శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని షరతు పెట్టింది. వయోపరిమితిని వీరికి 45 ఏళ్లకు సడలించింది. ఇవి మంచి షరతులు. అయితే 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన విషయంలో, నాలుగో విడత వచ్చేసరికి శిక్షణకూ ఉద్యోగానికీ వున్న ముడిని తీసివేశారు. లెక్క అడిగే వీలు అంతమేరకు తగ్గింది.

ఉద్యోగం చూపించినా మెట్ట కుర్రవాడు నిలబడలేకపోవడానికి ఒక కారణం కూడిక, తీసివేతలోనే వుంది. హైదరాబాదు దుకాణంలో నెలకు 12 వేలు ఇస్తారనుకుందాం. గది అద్దె, తిండి, మెట్లెక్కలేక ఆటోకు పెట్టే ఖర్చు పోను చేతిలో మిగిలేది నాలుగు వేలు దాటదు. మరో పక్క 2024 జూలై 1 నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను రూ.3,000 నుంచి రూ.6,000కు పెరిగింది. అది నెల మొదట్లో ఇంటి దగ్గరే ఇస్తారు. 2014 తరవాత హైదరాబాదు వేరే రాష్ట్రం. పింఛను కోసం ఊరు రావాలి. 2024 డిసెంబరు నుంచి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు కల్పించారు కాని, ఆ తరవాతా కనపడకపోతే వలసపోయినట్టే లెక్క. కుటుంబానికి ఆదాయ పరిమితి భయం మరొకటి. 2019 నాటి నిబంధనల్లో అది పల్లెల్లో నెలకు రూ.10 వేలు, పట్టణాల్లో రూ.12 వేలు. 'ఉద్యోగం మూణ్ణాళ్ల ముచ్చట, పింఛను పోతే మళ్లీ రాదు' అని పెద్దవాళ్లు అంటే కాదనడానికి వీల్లేదు.

2025లో ధ్రువపత్రాల పునఃపరిశీలన ఈ భయాన్ని పెంచింది. వైద్య బృందాలు మళ్లీ చూడటం, ఆగస్టులో పలువురికి అర్హత లేదంటూ నోటీసులు అందడం, గగ్గోలు పుట్టాక అప్పీలుకు అవకాశం ఇవ్వడం జరిగాయి. పని చేస్తూ కనపడితే వైకల్యం శాతం తగ్గించేస్తారన్న అనుమానం అప్పటినుంచి చాలామందిలో బలపడింది. నిజానికి వైకల్యం శాతం వైద్యపరమైన కొలత. చెయ్యి లేనివాడు దుకాణం పెట్టుకున్నంత మాత్రాన చెయ్యి మొలవదు. అధికారులు ఈ ఒక్క మాట సచివాలయాల్లో స్పష్టంగా రాసి అంటిస్తే శిక్షణకు వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లూ పింఛను ఆగదన్న హామీ వుంటే ఇంకా పెరుగుతుంది. పింఛను పెంచడం తప్పని ఎవరూ అనరు. పింఛనుకూ పనికీ పోటీ పెట్టడమే తప్పు.

నడివయసులో కాలు పోతే?

శిక్షణలన్నీ పద్దెనిమిదేళ్ల పోలియో బాధితుణ్ణి మనసులో పెట్టుకుని తయారైనట్టు వుంటాయి. ఒకప్పుడు అది సబబే. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో దేశం పోలియో నుంచి బయటపడినట్టు ప్రకటించారు. ఇక ముందు వచ్చే తరంలో ఆ కుర్రవాడు వుండడు. అతని స్థానంలో రహదారి ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న లారీ డ్రైవరు, పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయిన తాపీ మేస్త్రీ, మధుమేహంతో చూపు మందగించిన చిల్లర దుకాణదారు వుంటారు. హైదరాబాదు - విజయవాడ రహదారి నడిబొడ్డున వున్న ఈ రెండు పట్టణాలకు ఇది ఊహ కాదు.

నలభై ఏళ్ల మనిషికి, పెళ్లాం బిడ్డలు వున్నవాడికి మూడు నెలల వసతి శిక్షణ కుదరదు. ఇతనికి కావలసింది కొత్త విద్య కాదు, తెలిసిన విద్యలోనే మరో కుర్చీ. బండి నడపలేని డ్రైవరు లారీ ఆఫీసులో బుకింగు చూడగలడు, స్పేరు పార్టుల దుకాణంలో కూర్చోగలడు. ప్రభుత్వోద్యోగికి ఈ రక్షణ వుంది. కొలువులో వుండగా వైకల్యం వస్తే తీసివేయరాదని, హోదా తగ్గించరాదని 2016 చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. రంగులు గుర్తించలేని దోషం వుందని పక్కన పెట్టిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు మరో పని ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రైవేటు లారీ యజమానికి మాత్రం ఇలాంటి బాధ్యత లేదు. మెట్టలో స్టీరింగు పట్టినవారిలో ఎక్కువమంది పనిచేసేది ఆయన కిందే.

ఇక మానసిక ఎదుగుదల లోపం వున్న పిల్లల సంగతి శిక్షణ జాబితాల్లో ఇంచుమించు లేనట్టే. వారికోసం సికింద్రాబాదులో 1984లోనే జాతీయ సంస్థ వెలిసింది. అక్కడిదాకా వెళ్లగలిగే తల్లిదండ్రులు ఎందరు? ఇక బాపట్ల బధిరుల పాఠశాలలో చదివి తిరిగొచ్చిన కుర్రవాడితో సైగ భాషలో మాట్లాడగలవారు అతని ఊళ్లో ఒక్కరూ వుండరు. అతను నేర్చుకున్న చదువు ఇంటికి చేరేసరికి మూగబోతుంది.

మేస్త్రీ దగ్గరే బడి

లోటు ఇచ్చే శిక్షణలో కన్నా, అది ఇచ్చే చోటులోనూ తరవాతి తోడులోనూ వుందని ఇతర చోట్ల అనుభవం చెబుతోంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2012 నుంచి నడిపిన స్టార్ పథకం ఇందుకు ఉదాహరణ. అక్కడ పిల్లలను కేంద్రానికి రప్పించలేదు. బజారులోని మేస్త్రీల దగ్గరే ఆరు నెలలు పనికి కుదిర్చారు. వారానికి ఒక రోజు తరగతి, మిగతా రోజులు దుకాణంలో పని. చేరేవారిలో పదోవంతు వికలాంగులు వుండాలని నియమం పెట్టారు. మేస్త్రీకి పని తెలిసినవాడు దొరుకుతాడు, కుర్రవాడికి గిరాకీ ఎక్కడుందో తెలుస్తుంది, ఊరు వదలనక్కరలేదు. జగ్గయ్యపేట బజారులో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇక్కడి మెకానిక్కులంతా చిన్నప్పుడు ఎవరో ఒక మేస్త్రీ దగ్గర స్పానర్లు అందించినవారే. నెలకు ఇంత అని మేస్త్రీకి ముట్టజెప్పి, మోటారు మిషనో ఎత్తు తగ్గించిన బల్లో ఇప్పిస్తే సరిపోయే పనికి కేంద్రాలు, అద్దె భవనాలు ఎందుకన్నది ఆలోచించవలసిన సంగతి.

అమెరికాలో 1980లలో మరో దారి తొక్కారు. ముందు ఉద్యోగంలో చేర్చి, తరవాత అక్కడే నేర్పడం. పని నేర్పే తోడు మనిషి మొదటి కొన్ని వారాలు పక్కనే వుండి, క్రమంగా తప్పుకుంటాడు. తీవ్ర మానసిక వ్యాధులు వున్నవారి విషయంలో పాత పద్ధతి శిక్షణ కన్నా ఇలా చేరినవారే ఎక్కువగా ఉద్యోగాల్లో వున్నారని తరవాతి అధ్యయనాలు తేల్చాయి. మన వంటి దేశాల విషయంలో ఆధారాలు పలచనే. 2015లో జరిగిన ఒక అంతర్జాతీయ సమీక్షకు పేద, మధ్య ఆదాయ దేశాలన్నింటిలో పనికొచ్చే అధ్యయనాలు 14 మాత్రమే దొరికాయి. ఫలితాలు మంచివైపే మొగ్గినా రుజువు బలంగా లేదని ఆ సమీక్ష చెప్పింది. కోట్లు ఖర్చయ్యే పనికి ఇంత తక్కువ పరీక్ష జరగడం అన్ని ప్రభుత్వాలకూ తగిలే మాట.

శిక్షణ తరవాత తోడుండటం అనే పని మన దేశంలో తెలియనిదీ కాదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి పెట్టిన స్వయం ఉపాధి శిక్షణ సంస్థ నమూనా తరవాత దేశమంతటికీ పాకింది. కొద్ది రోజుల శిక్షణ, దాని వెంట రెండేళ్ల పర్యవేక్షణ ఆ పద్ధతి లక్షణం. అప్పు ఇప్పించడం, దుకాణం ఎలా నడుస్తున్నదో వచ్చి చూడటం అందులో భాగం. వికలాంగుల శిక్షణకు ఈ రెండేళ్ల నియమాన్ని గట్టిగా అంటిస్తే సగం రోగం కుదురుతుంది. మన రాష్ట్రంలోనే అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు 1987 నుంచి వికలాంగుల సంఘాలను ఊరూరా నిలబెట్టి, వికలాంగ స్త్రీలకు వసతితో కూడిన చేతిపనుల కేంద్రాలు నడిపింది. అక్కడ తయారైన వస్తువులు కొనే బజారును స్పెయిన్‌లో ఆ సంస్థే చూసుకుంది. వెలుగు పథకం కాలంలో మన పల్లెల్లోనూ వికలాంగుల పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. ఉపాధి హామీలో వికలాంగులకు వేరుగా శ్రమశక్తి సంఘాలు కట్టి, పని కొలతలో సడలింపు ఇచ్చారు. పనిని మనిషికి తగ్గట్టు మార్చడమనే సూత్రం మట్టి పనిలో అమలైనప్పుడు దుకాణంలో ఎందుకు కాదు?

సిమెంటు ఫ్యాక్టరీల నీడలో

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గుట్టలున్నాయి. జయంతిపురం, ముక్త్యాల ప్రాంతాల్లో పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. బూడిద, దుమ్ము ఊరి వాటాకు వచ్చాయి. ఉద్యోగాల్లో వికలాంగుల వాటా ఎంత? లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని చెప్పే 2013 కంపెనీల చట్టం, ఆ ఖర్చుకు తగిన పనుల జాబితాలో వికలాంగులకు ఉపాధి నైపుణ్యాలు నేర్పడాన్ని స్పష్టంగా పేర్కొంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఏదైనా వికలాంగుల సమానావకాశ విధానాన్ని రాసి ప్రకటించాలని 2017 నియమాలు చెబుతున్నాయి. ఉద్యోగుల్లో 5 శాతం వికలాంగులు వుండేలా ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని చట్టం 35వ సెక్షన్ ప్రభుత్వానికి చెప్పింది. 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాట చేర్చి తప్పించుకునే దారి కూడా అందులోనే పెట్టింది.

ఫ్యాక్టరీలో వికలాంగులకు పనేమిటన్న సందేహం వచ్చేవారు తెలుగువారూ ఎక్కువగా వుండే హోసూరు వైపు చూడవచ్చు. 1980లలో అక్కడ వెలసిన టైటాన్ గడియారాల కర్మాగారం తొలినాళ్లనుంచే వికలాంగులను పనిలోకి తీసుకుంది. సిమెంటు బట్టీ దగ్గర కుదరకపోవచ్చు. తూకం గది, గేటు, స్టోరు, లేబొరేటరీ, లెక్కల విభాగం ప్రతి ఫ్యాక్టరీలోనూ వుంటాయి.

దుకాణాల సంగతీ ఇదే. వ్యాపారానికి రాయితీ ధరపై ఇచ్చే స్థలాల్లో 5 శాతం వికలాంగులకు కేటాయించాలని 37వ సెక్షన్ చెబుతోంది. పేదరిక నిర్మూలన పథకాల్లోనూ 5 శాతం, అందులో స్త్రీలకు ప్రాధాన్యం. రెండు పట్టణాల పురపాలక సంస్థలు తమ పరిధిలో ఈ 5 శాతం ఎవరికి చేరిందో బోర్డు మీద పెడితే చాలు, సగం వాదన తీరిపోతుంది. ప్రభుత్వ భవనాలకు ర్యాంపులు కట్టే గడువు 2022తోనే దాటిపోయింది. పని నేర్చుకున్నవాడు పని చోటుకు ఎక్కలేకపోతే నేర్పిన డబ్బు వృథా.

ఇంతకూ శిక్షణ దండగ అనుకుంటే పొరపాటు. కేంద్రానికి వెళ్లివచ్చిన ఆడపిల్ల ఊరి బస్సు ఒంటరిగా ఎక్కడం మొదలుపెడుతుంది. తనలాంటి వారు ఇంకా వున్నారని తెలుసుకుంటుంది. ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుంది. ఆ లాభం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. కాని దాన్ని చూపించి ఉపాధి లేని లోటు కప్పిపుచ్చడం కుదరదు.

నందిగామ ఇప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రం. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. పింఛను అర్జీలతో వచ్చే వికలాంగులు అక్కడ అడగదగ్గ సమాచారం మరొకటి వుంది: గడచిన మూడేళ్లలో తమ మండలం నుంచి శిక్షణకు వెళ్లినవారెందరు, వారిలో ఏడాది తరవాత పనిలో వున్నవారెందరు, రుణం మంజూరైనవారెందరు. అర్జీకి రసీదు ఇస్తారు. వేదికలో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, దానికి గడువు 30 రోజులు. కొత్త శిబిరానికి పిల్లను పంపే తల్లిదండ్రులు సంతకం పెట్టే ముందే మిషను ఇస్తారా, రుణం ఎవరు ఇప్పిస్తారు, శిక్షణ అయ్యాక ఎన్ని నెలలు వచ్చి చూస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోవడం మేలు.